ఐ.బి. డిప్లొమాలో పాఠ్యాంశముల ఎంపిక – ఒక పరిశీలన

పదవ తరగతి ఫలితములు వెలువడగానే మన ఇండ్లలోను, వీధులలోను వినవచ్చు ప్రశ్న ఒక్కటే: "ఏ గ్రూపు?" దానికి సమాధానమును మూడక్షరములలో ముగియును. ఎం.పి.సి., బై.పి.సి., సి.ఇ.సి., హెచ్.ఇ.సి. అను మూటలలో విద్యార్థి ఒకదానిని ఎత్తుకొనును. ఆ మూటలో ఏమేమి ఉండవలెనో ఎన్నడో ఎవరో నిర్ణయించి కట్టి పెట్టినారు. బై.పి.సి. విద్యార్థి గణితమును వదలివేయును, ఎం.పి.సి. విద్యార్థి జీవశాస్త్రమును వదలివేయును. చరిత్రను ఇద్దరును వదలివేయుదురు. మనము ఎంపిక అని పిలుచుచున్నది నిజమునకు మూటల మధ్య ఎంపికయే గాని పాఠ్యాంశముల మధ్య ఎంపిక కాదు.

విద్యార్థి తన మూటను తానే కట్టుకొనవలసిన విధానము ఒకటి ప్రపంచములో అర్ధశతాబ్దికి పైగా నడచుచున్నది. అదియే ఇంటర్నేషనల్ బాకలారియేట్ సంస్థ వారి డిప్లొమా కోర్సు. వాడుకలో దీనిని ఐ.బి. అందురు. పదునారు మొదలు పందొమ్మిదేండ్ల వయస్సు వారి కొరకు ఉద్దేశింపబడిన రెండేండ్ల చదువు ఇది. మన ఇంటర్మీడియట్‌కు సమానమైన మెట్టు. చాల కాలము ఈ పేరు మన ప్రాంతమున ధనికుల పాఠశాలల గోడల లోపలనే వినిపించెడిది. 2024 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము తన పాఠశాలలలో ఐ.బి. పద్ధతిని ప్రవేశపెట్టుటకు ఆ సంస్థతో ఒప్పందము చేసికొన్నపుడు సామాన్య గృహములలో కూడ దీనిని గూర్చిన చర్చ బయలుదేరినది. ఆ సంవత్సరమే ప్రభుత్వము మారిన పిదప ఆ ప్రయత్నము ముందుకు సాగలేదు. కాని చర్చ మిగిలినది. దానితోపాటు కొన్ని అపోహలును మిగిలినవి. "ఐ.బి.లో ఇష్టము వచ్చినది చదువవచ్చునట" అనునది వానిలో మొదటిది. అది సగము మాత్రమే నిజము.

ఈ విధానము ఎందుకు పుట్టినదో తెలిసినగాని ఇందలి ఎంపిక నియమములు అర్థము కావు. జెనీవా నగరములో 1924లో ఒక అంతర్జాతీయ పాఠశాల వెలసినది. నానాజాతి సమితిలోను, అంతర్జాతీయ కార్మిక సంస్థలోను పనిచేయుటకు పలు దేశముల నుండి వచ్చిన ఉద్యోగుల పిల్లలు అందులో చదివెడివారు. ఒకే పాఠశాలలో కూర్చున్నను, పై చదువులకు ఆంగ్లేయుని బిడ్డ ఒక పరీక్షకు, ఫ్రెంచివాని బిడ్డ మరియొక పరీక్షకు, అమెరికనుని బిడ్డ ఇంకొక పరీక్షకు సిద్ధము కావలసి వచ్చెడిది. పై తరగతులు వచ్చుసరికి ఒక పాఠశాల నాలుగు పాఠశాలలుగా చీలిపోయెడిది. అన్ని దేశముల విశ్వవిద్యాలయములు అంగీకరించు ఒకే పరీక్ష కావలెనని ఆ ఉపాధ్యాయులు తలపెట్టిన పని ఫలించి 1968లో ఐ.బి. సంస్థ ఏర్పడినది. మొదటి అధికారిక పరీక్షలు 1970లో జరిగినవి. వేల్స్‌లోని అట్లాంటిక్ కళాశాల, న్యూయార్క్‌లోని ఐక్యరాజ్య సమితి అంతర్జాతీయ పాఠశాల, టెహరాన్‌లోని ఇరాన్‌జమీన్ పాఠశాల తొలినాళ్ళలోనే ఇందులో చేరినవి. మన దేశమున 1976లో కొడైకెనాల్ ఇంటర్నేషనల్ స్కూల్ మొట్టమొదట ఈ గుర్తింపును పొందినది.

సంస్థకు మొదటి డైరెక్టర్ జనరల్‌గా పనిచేసిన అలెక్ పీటర్సన్ ఆక్స్‌ఫర్డ్‌లో విద్యాశాస్త్ర శాఖకు అధిపతి. ఇంగ్లండులో పదునారవ యేటనే పిల్లలు రెండు మూడు విషయములకు పరిమితమగుట ఆయనకు నచ్చలేదు. ఫ్రాన్సులో అందుకు విరుద్ధముగా బాకలారియా పరీక్షకు చాల విషయములు చదివించెడివారు. ఒకచోట లోతు ఉన్నది, వైశాల్యము లేదు. రెండవచోట వైశాల్యము ఉన్నది, అన్నిట లోతు సాధ్యము కాదు. ఈ రెంటికి మధ్య కుదిర్చిన రాజీయే ఐ.బి. డిప్లొమా. మన రాష్ట్రములో పి.యు.సి. స్థానమున రెండేండ్ల ఇంటర్మీడియట్ ప్రవేశించినదియు ఇంచుమించు ఆ కాలముననే, అనగా 1969-70లో. ఇంటర్మీడియట్ విద్యామండలి 1971లో ఏర్పడినది. ఒకే కాలమున పుట్టిన ఈ రెండు విధానములు ఒకే ప్రశ్నకు రెండు భిన్నమైన సమాధానములు చెప్పినవి.

ఇక నిర్మాణమును చూతము. పాఠ్యాంశములు ఆరు వర్గములుగా విభజింపబడినవి. భాషాసాహిత్యము మొదటిది, నేర్చుకొనవలసిన రెండవ భాష రెండవది, చరిత్ర, భూగోళము, ఆర్థికశాస్త్రము, మనస్తత్త్వశాస్త్రము, తత్త్వశాస్త్రము మొదలగు సామాజిక శాస్త్రములు మూడవది, భౌతిక, రసాయన, జీవశాస్త్రములు, కంప్యూటర్ శాస్త్రము మొదలైనవి నాలుగవది, గణితము అయిదవది, సంగీతము, నాటకము, చిత్రకళ వంటి కళలు ఆరవది. ఒక్కొక్క వర్గము నుండి ఒక్కొక్కటి చొప్పున ఆరు తీసికొనవలెను. ఆరవ వర్గమునకు మాత్రము ఒక సడలింపు ఉన్నది. కళ వద్దనుకొన్నవారు దాని స్థానమున మరియొక విజ్ఞానశాస్త్రమునో, సామాజిక శాస్త్రమునో, భాషనో తీసికొనవచ్చును. కావున కవి కాదలచినవాడు కూడ గణితమును విడువలేడు. ఇంజనీరు కాదలచినవాడు కూడ సాహిత్యమును విడువలేడు. "ఇష్టము వచ్చినది చదువవచ్చును" అను మాట ఇక్కడనే ఆగిపోవును.

అట్లయిన ఎంపిక ఎక్కడ ఉన్నది? అది ముఖ్యముగా స్థాయిలో ఉన్నది. ఆరింటిలో మూడింటిని హయ్యర్ లెవెల్ అనబడు పై స్థాయిలోను, మిగిలిన మూడింటిని స్టాండర్డ్ లెవెల్ అనబడు సాధారణ స్థాయిలోను చదువవలెను. నాలుగింటిని పై స్థాయిలో తీసికొనుటకును వీలున్నది గాని అది అందరు మోయగల బరువు కాదు. పై స్థాయికి రెండేండ్లలో 240 గంటల బోధన, సాధారణ స్థాయికి 150 గంటల బోధన నిర్దేశింపబడినది. ఏది మానవలెను అని మన పద్ధతి అడుగును. దేనిలోనికి లోతుగా దిగవలెను, దేనిని మోకాలి లోతున నడిచి దాటవలెను అని ఈ పద్ధతి అడుగును. రెండవ ప్రశ్నయే కఠినమైనదని నా అభిప్రాయము. వదలివేసినదానిని గూర్చి మరల ఆలోచింపనక్కరలేదు. దాటవలసినదానిని గూర్చి రెండేండ్లును ఆలోచింపవలసియే ఉండును.

ఇక్కడ ఒక చిక్కు కలదు. ప్రతి పాఠ్యాంశమునకు గరిష్ఠముగా ఏడు పాయింట్లు ఇత్తురు. ఆరింటికి కలిపి 42. విస్తృత వ్యాసమునకు, జ్ఞానసిద్ధాంతమునకు కలిపి మరి మూడు. మొత్తము 45. పై స్థాయి భౌతికశాస్త్రములో వచ్చిన ఏడును, సాధారణ స్థాయిలో వచ్చిన ఏడును మొత్తములో ఒకటే. పై స్థాయికి అదనపు పాయింటు ఏమియు లేదు. లెక్కలు చూచుకొను విద్యార్థి దీనిని చూడగానే "కఠినమైనవన్నియు క్రింది స్థాయిలో పెట్టుకొందును, సులువైనవి పై స్థాయిలో పెట్టుకొందును" అని తలచును. మొత్తము పాయింట్లు పెరుగవచ్చును గాని తలుపు తెరచుకొనదు. ఏలయన విశ్వవిద్యాలయములు మొత్తమును మాత్రమే చూడవు. ఫలానా పాఠ్యాంశము పై స్థాయిలో ఉన్నదా, అందులో ఆరు వచ్చినదా, ఏడు వచ్చినదా అని చూచును. ఇంగ్లండులోని ప్రసిద్ధ విశ్వవిద్యాలయములు అనేకము మొత్తముతోపాటు మూడు పై స్థాయి పాఠ్యాంశములలో రావలసిన పాయింట్లను విడిగా పేర్కొనును. డిప్లొమా పొందుటకు కూడ 24 పాయింట్లు చాలవు. పై స్థాయి మూడింటిలో కలిపి కనీసము 12 ఉండవలెను, ఏ పాఠ్యాంశములోను ఒకటి రాకూడదు, ఇంకను కొన్ని నిబంధనలున్నవి.

నేను భాషను బోధించువాడను గనుక భాషల ఎంపికను గూర్చి కొంత విపులముగా వ్రాయుదును. మన కళాశాల చదువరులకును ఇది దగ్గరి విషయము. మన విద్యార్థులలో చాలమందికి ఇంటిలో ఉర్దూ, బజారులో తెలుగు, తరగతిలో ఇంగ్లీషు. "నీ భాష ఏది?" అని అడిగినచో ఒక్క మాటలో చెప్పలేరు. ఐ.బి. ఈ ప్రశ్నను తప్పించుకొననీయదు. మొదటి వర్గములోని భాషను "ఏ" అందురు. విద్యార్థి ఏ భాషలో సాహిత్యమును చదివి, విమర్శించి, వ్యాసము వ్రాయగలడో ఆ భాష అది. రెండవ వర్గములోనిది "బి". కొంత పరిచయమున్న భాషను మరికొంత ముందునకు తీసికొనిపోవుట. ఏ మాత్రము పరిచయము లేని భాషను అక్షరముల నుండి నేర్చుకొనువారికి అబ్ ఇనిషియో అను మార్గము ఉన్నది. దీనిలో పై స్థాయి లేదు.

ఈ మూడు మెట్లలో విద్యార్థి నిజముగా ఎక్కడ నిలిచి ఉన్నాడో అక్కడ అతనిని నిలుపుట పాఠశాల బాధ్యత. తెలిసిన భాషను తెలియనట్లు నటించి అబ్ ఇనిషియోలో చేరుట కుదరదు. ఇంటిలో ఉర్దూ మాటలాడు పిల్లవాడు హిందీ వినగానే గ్రహించును. లిపి మాత్రమే అతనికి క్రొత్త. అట్టివాడు హిందీని ఓనమాల నుండి నేర్చుకొనుచున్నానని చెప్పినచో బోధకుడు ఒక్క నిమిషములో పట్టుకొనును. ఈ నియమమును చదివినపుడు మన ఇంటర్మీడియట్ తరగతులలోని రెండవ భాష నా కన్నులయెదుట మెదలినది. తెలుగు పిల్లలు తెలుగును వదలి, ఉర్దూ పిల్లలు ఉర్దూను వదలి, మార్కులు ఎక్కువ వచ్చునను ఒకే కారణముచే సంస్కృతములో చేరుట, పరీక్షలో పెద్ద భాగమును తెలుగు లిపిలోనో ఇంగ్లీషులోనో వ్రాసి నూటికి తొంబది దాటించుకొనుట మనకు తెలియని విషయము కాదు. సంస్కృతము మీద నాకు గౌరవము లేక కాదు. ఆ భాషను ప్రేమించి నేర్చుకొన్నవారిని నేనెరుగుదును. కాని రెండేండ్లు చదివియు ఒక్క శ్లోకమును సొంతముగా అన్వయించుకొనలేనివాడు సంస్కృతమును పొందలేదు, తన భాషనును పొందలేదు.

"ఏ" భాషగా ఇంగ్లీషును ఎంచుకొనువారే మన ప్రాంతపు ఐ.బి. విద్యార్థులలో ఎక్కువ. తప్పు లేదు; వారు చిన్ననాటి నుండి ఆ మాధ్యమములోనే చదివినవారు. అయితే నియమావళిలో మన వారు గమనింపని ఒక ద్వారము ఉన్నది. పాఠశాలలో బోధించువారు లేకపోయినను, విద్యార్థి తన మాతృభాషా సాహిత్యమును పాఠశాల పర్యవేక్షణలో స్వయముగా చదివి సాధారణ స్థాయిలో పరీక్ష వ్రాయవచ్చును. వ్రాతరూపమున తగినంత సాహిత్యమున్న భాష కావలెను, అంతే. అరుదైన భాషలకు పరీక్షా పత్రము సిద్ధము చేయుటకు సంస్థకు వ్యవధి కావలెను గనుక పాఠశాల సమన్వయకర్త ద్వారా చాల ముందుగా అనుమతి కోరవలెను. ఒక విద్యార్థి ఇంగ్లీషును, మాతృభాషను రెంటిని "ఏ" భాషలుగా చదివి రెంటిలోను కనీసము మూడు పాయింట్లు తెచ్చుకొన్నచో అతనికి ద్విభాషా డిప్లొమా లభించును. వేరుగా "బి" భాష తీసికొననక్కరలేదు కూడ. అనగా ఇంటి భాష అతనికి అదనపు భారము కాదు, రెండవ వర్గమును పూర్తిచేయు మార్గమే. సాహిత్యపు కోర్సు కూడ తేలిక కాదు: పై స్థాయిలో 13 రచనలు, సాధారణ స్థాయిలో 9 రచనలు చదువవలెను, వానిలో కొన్ని ఇతర భాషల నుండి అనువాదములై ఉండవలెను. నన్నడిగినచో ఈ అనువాదముల నియమమే అన్నిటికంటె మేలైనది. ఒక భాషలోని మంచిని మరియొక భాషలోనికి తెచ్చుకొనుట మనకు క్రొత్త కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో ఉర్దూ మాధ్యమముగా ప్రారంభమగుటకు ముందు సంవత్సరమే శాస్త్రగ్రంథములను అనువదించుటకు దారుల్ తర్జుమా ఏర్పడినది. ఉన్నత విద్యకు ఏ భాష అను ప్రశ్నను ఈ నేల ఒక శతాబ్దికి పూర్వమే ఎదుర్కొన్నది.

గణితము దగ్గరకు వత్తము. 2019లో ఐ.బి. వారు తమ గణిత పాఠ్యప్రణాళికలను మార్చి రెండు మార్గములు ఏర్పరచినారు. ఒకటి విశ్లేషణ ప్రధానమైనది. రెండవది అనువర్తన ప్రధానమైనది. రెంటిలోను పై స్థాయి, సాధారణ స్థాయి ఉన్నవి. విశ్లేషణ మార్గములో బీజగణితము, కలనము, నిరూపణ ఎక్కువ. దాని మొదటి ప్రశ్నపత్రమునకు గణనయంత్రము నిషిద్ధము. అనువర్తన మార్గములో గణాంకశాస్త్రము, నిజజీవిత సమస్యలకు గణిత నమూనాలు కట్టుట ఎక్కువ. అన్ని పత్రములలోను గ్రాఫులు గీయగల గణనయంత్రము వాడవలెను. పేర్లను బట్టి ఒకటి పండితులకు, రెండవది పామరులకు అని భావించుట పొరపాటు. అనువర్తన మార్గపు పై స్థాయి కఠినమైన కోర్సే. సామాజిక శాస్త్రములు, మనస్తత్త్వశాస్త్రము, జీవశాస్త్రము వైపు పోవువానికి అది విశ్లేషణకంటె ఎక్కువ ఉపకరింపవచ్చును. కాని ఇంజనీరింగు, భౌతికశాస్త్రము, గణితము చదువదలచినవాడు విశ్లేషణ మార్గపు పై స్థాయిని తీసికొనకపోయినచో పలు విశ్వవిద్యాలయముల తలుపులు తానే మూసికొన్నవాడగును. మన దేశపు జె.ఇ.ఇ. పరీక్షలో గణనయంత్రమును అనుమతింపరనునది కూడ గుర్తుంచుకొనవలెను. రెండేండ్లు యంత్రమును చేతబట్టి లెక్కచేసినవానికి అక్కడ వ్రేళ్ళు కదలవు.

ఎంపికలోని అసలు కష్టము ఏమనగా, చదువు ఆరంభమున చేయు నిర్ణయము చదువు చివరనున్న గమ్యమును బట్టి ఉండును. ఒక ఉదాహరణ చెప్పుదును. ఒక బాలిక వైద్యవిద్యను ఆశించుచున్నదనుకొందము. ఆమె ఇంగ్లండులో చదువదలచినచో రసాయనశాస్త్రము, జీవశాస్త్రము పై స్థాయిలో తీసికొన్న చాలవరకు సరిపోవును. మూడవ పై స్థాయి పాఠ్యాంశముగా ఇంగ్లీషు సాహిత్యమునో, చరిత్రనో ఎంచుకొనవచ్చును. రెండవ భాష, గణితము సాధారణ స్థాయిలో. ఆరు వర్గముల నియమము ఎక్కడను అడ్డు రాదు.

అదే బాలిక మన దేశముననే వైద్యవిద్య చదువదలచినది. నీట్ అర్హతకు భౌతిక, రసాయన, జీవశాస్త్రములు మూడును, ఇంగ్లీషును, ప్లస్ టూ స్థాయిలో చదివి ఉండవలెను. ఐ.బి.లో నాలుగవ వర్గము నుండి ఒకటి, ఆరవ వర్గమునకు బదులుగా ఒకటి, వెరసి రెండు విజ్ఞానశాస్త్రములకే చోటున్నది. మూడవ దానికి చోటు లేదు. గణితమును తీసివేయుటకు వీలు లేదు, ఇంగ్లీషును తీసివేయుటకును వీలు లేదు. ఇట్టి సందర్భముల కొరకే సంస్థ ఒక మినహాయింపును ఉంచినది. విశ్వవిద్యాలయ ప్రవేశ నిబంధన ఫలానా విధముగా ఉన్నదని ఆధారపత్రములు చూపినచో ఒక వర్గములోని పాఠ్యాంశమునకు బదులుగా మూడవ విజ్ఞానశాస్త్రమును తీసికొననిత్తురు. కాని అనుమతి ముందుగా పొందవలెను. రెండవ యేట మేల్కొన్నవారికి అది దొరకదు. ఇంజనీరింగు వైపు పోవు బాలునికి ఈ చిక్కు లేదు: నాలుగవ వర్గము నుండి భౌతికశాస్త్రము, ఆరవ దానికి బదులుగా రసాయనశాస్త్రము, అయిదవ దాని నుండి గణితము — మూడును నియమము లోపలనే ఇమిడినవి. ఒకే విధానము ఒకనికి రాజమార్గమగును, మరియొకనికి అడ్డుగోడ యగును.

ఆ బాలిక కష్టములు అంతటితో తీరవు. నీట్ పరీక్ష మే నెల ఆరంభమున జరుగుట పరిపాటి. 2024లో మే 5న, 2025లో మే 4న జరిగినది. ఐ.బి. వేసవి పరీక్షలు ఏప్రిల్ చివర మొదలై మే నెలలో సగము దాటువరకు నడచును. రెండు పరీక్షలును ఒకే పక్షములో వచ్చి పడును. రెంటి స్వభావమును వేరు: నీట్‌లో నాలుగు సమాధానములలో ఒకటి గుర్తించుట, ఐ.బి.లో వివరించి వ్రాయుట, ప్రయోగశాలలో తాను సొంతముగా చేసిన పరిశోధనను నివేదించుట. పైగా నీట్ మన జాతీయ పాఠ్యప్రణాళికను అనుసరించును గాని ఐ.బి. ప్రణాళికను కాదు. ఐ.బి. డిప్లొమాను భారతీయ విశ్వవిద్యాలయముల సంఘము ప్లస్ టూకు సమానముగా గుర్తించినది. కాని గుర్తింపు వేరు, సన్నద్ధత వేరు. మన దేశముననే ఎం.బి.బి.ఎస్. చదువవలెనని నిశ్చయించుకొన్న పిల్లకు, ఇంటిలో మరియొక బలమైన కారణము లేనిచో, బై.పి.సి.యే సూటియైన మార్గమని నేను నిస్సంకోచముగా చెప్పుదును. పేరు గొప్పది గదా యని ఐ.బి.లో చేర్పించు తల్లిదండ్రులు ఈ ఒక్క విషయమును విచారించి ఉండవలసినది.

ఆరు పాఠ్యాంశములు గాక అందరును చేయవలసినవి మూడు ఉన్నవి. సృజన, వ్యాయామము, సేవ అను కార్యక్రమమునకు పాయింట్లు లేవు. అయినను పూర్తిచేయనివానికి డిప్లొమా ఇయ్యరు. జ్ఞానసిద్ధాంతము అనునది మనకు తెలిసినదానిని ఎట్లు తెలిసికొన్నామని ప్రశ్నించు తరగతి. మూడవది నాలుగు వేల పదముల విస్తృత వ్యాసము. ఎంపిక ప్రసక్తి ఇందులోనే ఉన్నది. ఏ పాఠ్యాంశములో, ఏ ప్రశ్నపై వ్రాయవలెనో విద్యార్థియే నిర్ణయించుకొనవలెను. సాధారణముగా పై స్థాయిలో చదువుచున్న దానిలో వ్రాయుట క్షేమము. ప్రశ్న ఎంత చిన్నదైన వ్యాసము అంత మంచిదగును. "హైదరాబాదు చరిత్ర" అను దానిపై నాలుగు వేల పదములు వ్రాసినవాడు ఏమియు వ్రాయనివాడే. 1908 సెప్టెంబరులో మూసీ నదికి వచ్చిన వరద, తరువాత నిర్మించిన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయములు — వీనిలో ఏదో ఒక అంశమును పట్టుకొని, నాటి నివేదికలను పరిశీలించి, ఒక్క ప్రశ్నకు సమాధానము వెదకినచో చరిత్ర విద్యార్థికి గాని, భూగోళ విద్యార్థికి గాని చేతినిండ పని. మన ఊరిలోనే ఆధారములు దొరకు విషయమును వదలి దూరదేశపు విషయమును అంతర్జాలము నుండి ఎత్తి వ్రాయువారిని చూచిన జాలి కలుగును.

పాఠ్యాంశములను మార్చుకొనుటను గూర్చి ఒక మాట. మొదటి కొన్ని వారములలో పాఠశాలలు మార్పునకు అంగీకరించును. ఆ తరువాత పై స్థాయి నుండి సాధారణ స్థాయికి దిగుట సాధ్యము. ఎక్కుట బహు కష్టము. అందుచేత సందేహమున్న పాఠ్యాంశమును మొదట పై స్థాయిలో ఉంచుకొని, ఒక టర్మ్ చదివిన పిదప నిర్ణయించుకొనుమని అనుభవజ్ఞులు చెప్పుదురు. ఇది నాలుగు పై స్థాయి పాఠ్యాంశములతో ఆరంభించి ఒకటి దింపుకొనుటకు కూడ వర్తించును.

ఇదంతయు మన కళాశాలకు ఏల అని కమిటీ పెద్దలు అడుగవచ్చును. మన వద్ద ఐ.బి. లేదు, రాబోదు, దాని రుసుము ఏటికి లక్షలలో ఉండును. కాని ఆ విధానము విద్యార్థిని అడుగు ప్రశ్నలకు రుసుము లేదు. ప్రవేశ సమయమున మన గుమాస్తా దరఖాస్తు పత్రములో "గ్రూపు", "రెండవ భాష" అను రెండు గళ్ళు నింపించుకొని పంపివేయును. పిల్లవాని తరఫున పెదనాన్నగారో, మామగారో, ముందు సంవత్సరము చేరిన పొరుగింటి పిల్లవాడో నిర్ణయము చేసి ఉందురు. ఆ గళ్ళు నింపుటకు ముందు ఒక అధ్యాపకుడు పావుగంట కూర్చుండి, డిగ్రీలో ఏమి చదువదలచితివి, దానికి ఏ పాఠ్యాంశము తప్పనిసరి, ఇంటిలో ఏ భాష చదువుదురు, ఆ భాషలో ఒక పుట తప్పులు లేక వ్రాయగలవా అని అడిగినచో కొందరి ఎంపికలైనను మారును. ఉర్దూ బాగుగా వచ్చిన పిల్లలు ఉర్దూలోను, తెలుగు బాగుగా వచ్చిన పిల్లలు తెలుగులోను ఉందురు. ఉర్దూ శాఖ వారును, మా తెలుగు శాఖ వారును కలిసి జూన్ నెలలో వారము రోజులు ఈ పని చేయుటకు సిద్ధముగా ఉన్నామని ఈ వ్యాసము ద్వారా కమిటీకి మనవి చేయుచున్నాను.

ఐ.బి. చదువవలెనను కోరిక బలముగా ఉండి స్తోమత లేని ప్రతిభావంతులకు దారి పూర్తిగా మూసికొని పోలేదు. 1997లో పూణే సమీపమున స్థాపింపబడిన మహీంద్రా యునైటెడ్ వరల్డ్ కళాశాల ప్రతిభను, సేవాభావమును చూచి విద్యార్థులను ఎన్నుకొనును. ఆర్థిక స్థితిని బట్టి సహాయము చేయును. హైదరాబాదులో 2011లో ప్రారంభమైన ఆగా ఖాన్ అకాడమీ కూడ ఐ.బి. పాఠశాలయే, అన్ని మతముల పిల్లలకును ప్రవేశమున్నది, అవసరమున్నవారికి ఆర్థిక సహాయమును ఇచ్చుచున్నది. తమ్ముళ్ళను, చెల్లెళ్ళను అక్కడకు పంపదలచినవారు పదవ తరగతి ఫలితముల కొరకు వేచియుండరాదు. దరఖాస్తులు, పరీక్షలు, ముఖాముఖి సంభాషణలు చాల నెలల ముందే ముగియును. కావున వారు తొమ్మిదవ తరగతిలో ఉన్నపుడే ఆ పాఠశాలల కార్యాలయములకు వ్రాసి వివరములు తెప్పించుకొనవలెను.